సైకిల్ మనమే సర్దుకుందాం – 6వ పాఠం: కేబుల్ గేరు, ఎలక్ట్రానిక్ గేరు, తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

గత పాఠంలో చైన్ అరుగుదల కొలిచాం. 11, 12 స్పీడ్ (స్పీడ్ అంటే వెనక పళ్ళచక్రాల సంఖ్య) చైన్లు 0.5 శాతం సాగితే, అంతకు తక్కువ స్పీడ్‌లవి 0.75 శాతం సాగితే మార్చేయాలని చెప్పుకున్నాం. ఆ కొలత తీయనివాళ్ళు ముందు అది పూర్తి చేయండి. సాగిన చైన్ మీద గేరు ఎంత సర్దినా నిలవదు.

బెంగళూరు మార్తహళ్ళిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఉంటూ ఆదివారం తెల్లవారుజామున నందికొండ (నంది హిల్స్) వైపు బయల్దేరే మనవాళ్ళలో తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది: "గేరు సరిగ్గా పడటంలేదు, ఎలక్ట్రానిక్‌కి మారిపోదామా?" మారడం తప్పు కాదు. కాకపోతే ఎలక్ట్రానిక్ గేరు మన సైకిల్ నుంచి తీసేసేది కేబుల్‌ని, దాని రాపిడిని మాత్రమే. డిరైలర్‌ను ఫ్రేముకు పట్టే హ్యాంగర్, వెనక పళ్ళచక్రాల (స్ప్రాకెట్ల) కట్ట అయిన కాసెట్, చైన్ అవే ఉంటాయి. లోపం కేబుల్‌ది కాకపోతే పెట్టిన డబ్బంతా పెట్టాక కూడా అదే చప్పుడు వినిపిస్తుంది. అందుకని ఈ పాఠంలో సర్దడం కంటే ముందు లోపాన్ని చదవడం నేర్చుకుందాం. చైన్‌ను ఒక స్ప్రాకెట్ నుంచి మరోదానికి జరిపే వెనక డిరైలర్ వరకే చూద్దాం.

లోపల జరిగేది

కేబుల్ గేరులో వెనక డిరైలర్‌ను రెండు శక్తులు కదుపుతాయి. పెద్ద స్ప్రాకెట్ వైపు, అంటే స్పోకుల వైపు లాగేది కేబుల్. చిన్న స్ప్రాకెట్ వైపు, అంటే బయటికి లాగేది డిరైలర్‌లోని స్ప్రింగ్. కేబుల్‌ని మీ వేలు లాగుతుంది కాబట్టి దానికి బలం ఎక్కువ. స్ప్రింగ్‌కు అంత బలం లేదు. ఔటర్ (కేబుల్ పైతొడుగు) లోపల దుమ్ము, తుప్పు చేరి ఇన్నర్ (లోపలి) వైరు పట్టేస్తే ముందు ఓడిపోయేది స్ప్రింగే.

ఎలక్ట్రానిక్‌లో రెండు వైపులా తోసేది మోటారే. షిఫ్టర్ (హ్యాండిల్ మీది గేరు మీట) పంపేది సంకేతం మాత్రమే. షిమానో సంస్థ ఎలక్ట్రానిక్ గేరు డీఐ2, దాని డ్యూరా-ఏస్ శ్రేణిలో 2009లో వచ్చింది. స్రామ్ సంస్థ వైర్లే లేని ఈట్యాప్‌ను 2015లో చూపించింది. షిమానో 105 శ్రేణికి డీఐ2 2022లో చేరింది.

స్ప్రాకెట్ల సంఖ్య పెరిగేకొద్దీ వాటి మధ్య దూరం తగ్గుతుందని గుర్తుంచుకోండి. 8 స్పీడ్‌లో ఒక స్ప్రాకెట్ నుంచి మరోదానికి 4.8 మి.మీ., 10 స్పీడ్‌లో 3.95, 11లో సుమారు 3.7. పాత 8 స్పీడ్ సైకిల్ సహించిన తప్పును 11 స్పీడ్ సహించదు. మన సైకిలే చెడిపోయిందని చాలామంది అనుకునేది ఇందువల్లే.

లక్షణం చదవడం

సైకిల్‌ని స్టాండ్ మీద పెట్టండి. స్టాండ్ లేకపోతే ఇంకొకరిని సీటు పట్టుకుని వెనక చక్రం ఎత్తమనండి. పెడల్ తిప్పుతూ చిన్న స్ప్రాకెట్ నుంచి పెద్దదానికి, మళ్ళీ వెనక్కి ఒక్కో క్లిక్ మారుస్తూ రండి. ఎటు వెళ్ళేటప్పుడు మొరాయిస్తోందో కాగితం మీద రాసుకోండి.

కేబుల్ సైకిల్‌లో పెద్దవైపు ఎక్కడానికి జంకుతూ, చిన్నవైపు చక్కగా దిగుతుంటే కేబుల్ వదులైంది. బ్యారెల్ (కేబుల్ బిగువు సర్దే చిన్న మర) అరచుట్టు బయటికి తిప్పితే చాలాసార్లు సరిపోతుంది. చిన్నవైపు దిగడానికి ఆలస్యమై, రెండు క్లిక్‌లకు ఒకేసారి దూకుతుంటే రాపిడి ఉంది. ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. బ్యారెల్ లోపలికి తిప్పి కేబుల్ వదులు చేస్తారు, దిగడం కాస్త బాగుపడుతుంది, ఎక్కడం చెడుతుంది. మళ్ళీ బయటికి తిప్పుతారు. రాపిడిని బ్యారెల్ తీర్చలేదు. ఇన్నర్, ఔటర్ మార్చాల్సిందే.

వారానికోసారి బ్యారెల్ బయటికి తిప్పాల్సి వస్తోందంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. డ్రాప్ హ్యాండిల్ షిఫ్టర్ లోపల, వైరు తల దగ్గర పోగులు ఒక్కొక్కటే తెగుతుండవచ్చు. చిన్న స్ప్రాకెట్‌లోకి తెచ్చి, షిఫ్టర్ రబ్బరు ఎత్తి, వైరు తల కనిపించే రంధ్రంలో టార్చి వేసి చూడండి. ఒక్క పోగు లేచినా ఆరోజే మార్చండి. పూర్తిగా తెగాక తల లోపలే ఇరుక్కుంటే తీయడం చాలా కష్టం.

ఎలక్ట్రానిక్‌లో పై రెండు తేడాలూ కనిపించవు, మోటారు రెండు వైపులా ఒకే బలంతో తోస్తుంది కాబట్టి. అక్కడ చూడాల్సింది వేరు. అన్ని స్ప్రాకెట్ల మీదా ఒకే రకం చప్పుడు వస్తే సూక్ష్మ సర్దుబాటు తప్పింది. చిన్నవాటి మీద సర్దితే పెద్దవాటి మీద, పెద్దవాటి మీద సర్దితే చిన్నవాటి మీద చప్పుడు వస్తుంటే హ్యాంగర్ వంగింది. ఈ రెండో పరీక్ష కేబుల్ గేరుకూ వర్తిస్తుంది.

హ్యాంగర్

డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క ఇది. దెబ్బ తగిలితే ఫ్రేముకు బదులు తను వంగేలా మెత్తగా చేస్తారు. సైకిల్ కుడివైపు పడితే, అపార్ట్‌మెంట్ పార్కింగులో పక్క బండి ఆనినా సరే, వంగుతుంది. వెనక నుంచి కంటితో చూడండి: డిరైలర్‌లోని రెండు చిన్న చక్రాలూ స్ప్రాకెట్‌తో ఒకే గీతలో నిలవాలి. కింది చక్రం స్పోకుల వైపు వాలి ఉంటే వంగినట్టే. ఖచ్చితంగా తెలియాలంటే హ్యాంగర్ గేజ్ కావాలి. డిరైలర్ విప్పి గేజ్ బిగించి, రిమ్ చుట్టూ 12, 3, 6, 9 గంటల స్థానాల్లో దూరం చూస్తారు. తేడా 4 మి.మీ. లోపు ఉండాలి. 11, 12 స్పీడ్‌కు 2 లోపు ఉంటేనే మాకు తృప్తి. గేజ్ కొనక్కర్లేదు, మంచి షాపులో కొద్దిసేపటి పని. మీ ఫ్రేముకు సరిపోయే హ్యాంగర్ ఒకటి సీటు కింద సంచిలో ఉంచుకోండి. వీటిలో వందల రకాలున్నాయి, బాగేపల్లి దాటాక దొరుకుతుందని ఆశపడొద్దు.

కేబుల్ మార్చి సర్దడం

కావాల్సినవి: 1.2 మి.మీ. స్టీలు ఇన్నర్, 4 మి.మీ. గేరు ఔటర్, చివరి టోపీలు, మంచి కేబుల్ కట్టర్, అలెన్ కీలు. బ్రేకు ఔటర్‌ను గేరుకు వాడకండి. దాని లోపలి తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది, లాగితే నొక్కుకుపోయి క్లిక్ లెక్క తప్పుతుంది. గేరు ఔటర్‌లో తీగలు నిలువుగా పరిచి ఉంటాయి. దాన్ని బ్రేకుకు వేయడం ఇంకా ప్రమాదం, గట్టిగా నొక్కినప్పుడు చీలిపోవచ్చు.

డబ్బు కాస్తే ఉంటే డిరైలర్ దగ్గరి ఆఖరి వంపు ఔటర్ ముక్క ఒక్కటే మార్చండి. రింగు రోడ్డు దుమ్ము, జూన్ నుంచి అక్టోబరు దాకా పడే వాన నీళ్ళు ఎక్కువగా చేరేది అక్కడే. కోసిన కొస గుండ్రంగా తెరుచుకుందో లేదో చూసి, సూదితో సరిచేసుకోండి.

ముందు చైన్‌ను చిన్న స్ప్రాకెట్ మీదికి తెచ్చి, హెచ్ స్క్రూతో (చిన్నవైపు హద్దు పెట్టేది) డిరైలర్ పై చక్రాన్ని దాని కిందికి సరిగ్గా తెండి. బ్యారెల్ పూర్తిగా బిగించి ఒక చుట్టు వదలండి. వైరును చేత్తో బిగుతుగా లాగి బోల్టు 6 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు) దగ్గర బిగించండి. ఒక క్లిక్ వేసి పెడల్ తిప్పండి. రెండో స్ప్రాకెట్‌కు ఎక్కకపోతే బ్యారెల్‌ను, వెనక నుంచి చూస్తే అపసవ్యంగా, పావు చుట్టు చొప్పున తిప్పండి. ఎక్కాక కూడా ఆపకుండా, మూడో స్ప్రాకెట్‌కు రాసుకునే చప్పుడు మొదలయ్యేదాకా తిప్పి, ఆ చప్పుడు పోయేంతవరకే వెనక్కి రండి. చివరగా ఎల్ స్క్రూ, ఇది పెద్దవైపు హద్దు. పెద్ద స్ప్రాకెట్ మీద ఉండగా డిరైలర్‌ను చేత్తో లోపలికి నెట్టండి. అది స్పోకుల వైపు పోకూడదు. ఈ ఒక్కటి మరిచిపోతే నందికొండ ఘాట్‌లో ఆఖరి గేరు వేసినప్పుడు చైన్ స్పోకుల్లో పడి చక్రం నాశనమవుతుంది.

ఎలక్ట్రానిక్ సర్దడం

11 స్పీడ్ డీఐ2: పెద్దవైపు నుంచి లెక్కిస్తే ఐదో స్ప్రాకెట్ మీదికి తెండి. జంక్షన్ పెట్టె (వైర్లు కలిసే చిన్న పెట్టె) బటన్‌ను ఎర్ర లైటు వెలిగేదాకా నొక్కి పట్టండి. ఇప్పుడు గేరు బటన్ ఒక్కో నొక్కుకు డిరైలర్ ఒక చిన్న మెట్టు కదులుతుంది, మధ్య నుంచి అటూ ఇటూ 16 మెట్లు. లోపలికి కదుపుతూ పక్కనున్న పెద్ద స్ప్రాకెట్‌ను తాకే చప్పుడు వచ్చేదాకా వెళ్ళి, అక్కణ్ణుంచి 4 మెట్లు బయటికి రండి. ఎర్ర లైటు ఆరేదాకా బటన్ మళ్ళీ నొక్కి పట్టి బయటపడండి. 12 స్పీడ్‌లో బటన్ డిరైలర్ మీదే ఉంటుంది, ఈ-ట్యూబ్ యాప్‌తోనూ చేయవచ్చు. స్రామ్ ఏఎక్స్‌ఎస్‌లో (ఈట్యాప్ తర్వాతి వైర్‌లెస్ శ్రేణి) షిఫ్టర్ పక్క చిన్న బటన్ నొక్కి పట్టి ప్యాడిల్ ఒకసారి నొక్కాలి: ఎడమది లోపలికి, కుడిది బయటికి. రెండు జతల చక్రాలు మార్చి మార్చి వాడేవాళ్ళకు ఈ సౌకర్యం ఎంతో విలువైనది.

లిమిట్ స్క్రూలు (హెచ్, ఎల్) వీటికీ ఉంటాయి. అతిగా బిగించకండి. మోటారు స్క్రూను గుద్దుకుంటూ బ్యాటరీ తాగేస్తుంది, గేరు కూడా సరిగ్గా పడదు.

డీఐ2 సైకిల్ పడిపోయాక గేరు పూర్తిగా కదలకపోతే కంగారుపడొద్దు. దెబ్బకు మోటారు లంకె తనంతట తాను విడిపోతుంది. 11 స్పీడ్‌లో జంక్షన్ బటన్ 5 సెకన్లకు పైగా, ఎర్ర లైటు మినుకుమనేదాకా నొక్కి, పెడల్ తిప్పుతూ గేర్లు మార్చితే మళ్ళీ కలుస్తుంది. తర్వాత హ్యాంగర్ తప్పక చూడండి.

దారిలో ఆగిపోతే

కేబుల్ తెగితే స్ప్రింగు చైన్‌ను అతి చిన్న స్ప్రాకెట్‌కు లాగేస్తుంది. హెచ్ స్క్రూ లోపలికి బిగిస్తే ఒకటి, రెండు స్ప్రాకెట్లు పైకి వస్తుంది, ఇంటికి చేరడానికి పనికొస్తుంది. ఎలక్ట్రానిక్‌లో బ్యాటరీ అయిపోతే గేరు ఉన్నచోటే ఆగుతుంది. డీఐ2లో ముందు డిరైలర్ మొదట ఆగిపోతుంది, వెనకది కొంతసేపు పనిచేస్తుంది. కాబట్టి హెచ్చరిక లైటు కనిపించగానే ముందువైపు చిన్న రింగులోకి దిగండి. స్రామ్‌లో ముందు, వెనక బ్యాటరీలు ఒకటే రకం, వెనకది అయిపోతే ముందుదాన్ని తీసి వెనక పెట్టుకోవచ్చు. కారు మీద సైకిల్ కట్టి లేపాక్షి దాకా వెళ్తుంటే ఆ బ్యాటరీలు తీసి జేబులో పెట్టుకోండి, కుదుపులకు డిరైలర్ నిద్రలేస్తూ చార్జి ఖర్చుచేస్తుంది. స్రామ్ షిఫ్టర్లలోని సీఆర్2032 సెల్ ఏ వాచీ షాపులోనైనా దొరుకుతుంది. 12 స్పీడ్ డీఐ2 షిఫ్టర్లవి సీఆర్1632, అవి అన్నిచోట్లా ఉండవు, విడిగా ఒక జత ఉంచుకోండి.

కొనడం విషయానికొస్తే మా అభిప్రాయం: వైర్లన్నీ స్టెమ్‌లోంచి (హ్యాండిల్‌ను పట్టే ముక్క), ఫ్రేము లోపల్నించి వెళ్ళే కొత్త రోడ్డు సైకిల్ అయితే ఎలక్ట్రానిక్ తీసుకోండి. అక్కడ ఔటర్‌కు ఇరుకు వంపులు ఎక్కువ, మార్చాలంటే సగం సైకిల్ విప్పాలి. ఔటర్లు బయటే కనిపించే సైకిలైతే కొత్త కేబుల్, నిటారుగా ఉన్న హ్యాంగర్‌తో ఒక నెల నడిపి చూశాకే నిర్ణయించండి.

ఈ వారం అభ్యాసం

సైకిల్ కదలకుండా ఉండగా, ఔటర్లు బయట ఉన్నవాళ్ళు పెడల్ తిప్పుతూ పెద్ద స్ప్రాకెట్‌కు తెచ్చి ఆపండి. పెడల్ ఆపాక షిఫ్టర్‌ను చిన్నదాకా క్లిక్ చేయండి. కేబుల్ వదులవుతుంది. ఔటర్లను ఫ్రేము ఆధారాల నుంచి తీసి, ఇన్నర్ మీద అటూ ఇటూ జరిపి చూడండి. ఎక్కడ గరగరమంటుందో అక్కడి ముక్క కొలత రాసుకోండి. వచ్చే పాఠంలో అదే కొలతతో ఔటర్ కోసి వేద్దాం.