పండక్కి చుట్టాలు దిగేలోగా ఇంటి కంప్యూటరు సర్దుకోండి

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. భోగికి రెండ్రోజుల ముందే ఇల్లు నిండిపోతుంది. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో దిగినవాళ్లు చెప్పులు విప్పీ విప్పకుండానే అడిగేది వైఫై పాస్‌వర్డు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసొచ్చాక ఇంకోటి మొదలు: "బావా, ఫొటోలన్నీ నీ కంప్యూటర్లో పెట్టి షేర్ చెయ్యవా?" వాట్సాప్‌లో పంపితే ఫొటో మసకబారుతుంది మరి, వాళ్ల తప్పేం లేదు.

అలాగే ఓ ఏడు ఫోల్డరు షేర్ చేసి, ఎవరైనా ఏదైనా చేసుకోవచ్చని వదిలేశాను. మూడోనాటికి మా చెల్లెలి పెళ్లి ఫొటోలు మాయం. రెండు కాపీలున్నాయేమో అనుకుని మేనల్లుడు తన ల్యాప్‌టాప్ నుంచి డిలీట్ కొట్టేశాడు. రీసైకిల్ బిన్‌లో వెతికితే లేవు. నెట్‌వర్క్ మీదుగా తీసేసిన ఫైలు మామూలుగా ఆ బిన్‌లోకి రాదని నాకు తెలిసింది అప్పుడే. ఇప్పుడు మాకు ఆల్బమే దిక్కు.

కాబట్టి చుట్టాలకి చూసుకునే వీలు ఇవ్వండి, చెరిపే వీలు ఇవ్వకండి. ఫోల్డరు ప్రాపర్టీస్‌లో షేరింగ్, అందులో అడ్వాన్స్‌డ్ షేరింగ్, పర్మిషన్స్. అక్కడ "రీడ్" ఒక్కదానికే టిక్కు ఉండాలి. పక్కనున్న సెక్యూరిటీ ట్యాబులో ఇంకో అనుమతుల జాబితా ఉంటుంది. రెండింట్లో ఏది బిగువుగా ఉంటే నెట్‌వర్క్ మీద వచ్చేవాళ్లకి అదే చెల్లుతుంది. వాళ్లు తెచ్చిన ఫొటోలు వేయడానికి ఒక ఖాళీ ఫోల్డరు విడిగా ఇచ్చి, అందులో మాత్రం రాసే అనుమతి పెట్టండి. రాత్రి పడుకోబోయే ముందు అందులోవి మీ ఫోల్డర్లోకి సర్దేసుకోండి.

సి డ్రైవు మొత్తం షేర్ చేసేవాళ్లున్నారు. వద్దండీ బాబూ.

ఎక్కువమంది బోల్తా పడేది పాస్‌వర్డు దగ్గర. విండోస్ తెరవడానికి కొట్టే పిన్ ఆ కంప్యూటరుకే పనిచేస్తుంది, పక్క ల్యాప్‌టాప్ నుంచి కొడితే ఒప్పుకోదు. ఎంతకీ తెరుచుకోక విసుగెత్తి "పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్" ఆపేస్తారు. ఇక మీ వైఫైలో ఉన్న ప్రతివాళ్లకీ తలుపు బార్లా తెరిచినట్టే. దానికి బదులు పండక్కని ఒక లోకల్ అకౌంటు (ఆ కంప్యూటర్లోనే ఉండే ఖాతా) తెరవండి, అడ్మిన్ హక్కులు లేకుండా. ఆ పేరూ పాస్‌వర్డూ చుట్టాలకి చెప్పండి, మీ సొంతవి చెప్పకండి. నెట్ మాత్రమే కావలసిన ఫోన్లకి, రూటర్లో ఉంటే, గెస్ట్ వైఫై (వచ్చినవాళ్లకని విడిగా ఉండే వైఫై) ఇవ్వండి. సాధారణంగా అక్కణ్నుంచి మీ కంప్యూటరు కనపడదు.

చేపల చెరువు లెక్కలు, మేత బిల్లులు, పట్టాదారు పాసుపుస్తకం స్కాన్లు ఆ కంప్యూటర్లోనే ఉంటే, ఎవరూ రాకముందే బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, డిస్కు పీకి బీరువాలో పెట్టండి. తగిలించి ఉంచితే లాభం లేదు. వచ్చిన ల్యాప్‌టాపుల్లో ఒకదానికి రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి, విప్పడానికి డబ్బడిగే వైరస్) ఉంటే, రాసే అనుమతి ఉన్న ఫోల్డర్లన్నిటికీ తాళం వేసేస్తుంది. 2017 మేలో వనక్రై అనే రాన్సమ్‌వేర్, ఫైల్ షేరింగ్ పాత పద్ధతి ఎస్‌ఎంబీ 1లోని లోపం పట్టుకునే పాకింది. దానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది, వేసుకోనివాళ్లు మునిగారు. పాత టీవీ బాక్సు కోసం ఎవరైనా ఎస్‌ఎంబీ 1 ఆన్ చెయ్యమంటే వినకండి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఇంకా అదే వాడుతుంటే షేరింగ్ జోలికి పోకపోవడం నయం.

కరెంటు సంగతి తెలిసిందే. పెద్ద వీడియోలు "కట్" చేసి పేస్ట్ చేయకండి, కాపీ చేసి, అవతల తెరిచి చూసుకున్నాకే ఇవతలిది తీసేయండి. కాపీ అయ్యేదాకా కంప్యూటరు స్లీపులోకి పోకుండా చూడండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్ 32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన వీడియో ఎక్కదు, మళ్లీ పెన్‌డ్రైవ్ పాడైందని గోల.

ముక్కనుమ అయ్యి బస్సులెక్కాక, షేరింగ్ ఆపండి, ఆ అకౌంటు తీసేయండి, వైఫై పాస్‌వర్డు మార్చండి. కొత్తది మళ్లీ గోడ మీద క్యాలెండర్ పక్కన రాయకండి. మా నాన్నగారు రాశారు.