పట్టేసిన పాత కుట్టు మిషనును మళ్ళీ తిప్పడం ఎలా?

మా అవ్వ తొక్కుడు మిషను అనంతపురం ఇంట్లో పదేళ్లు మూలన పడుండి, చక్రం కదలకుండా బిగుసుకుపోయింది. పాత ఇనుము వాళ్లకు వేసేద్దామన్నారు. విప్పి చూస్తే పట్టింది తుప్పు కాదు, వంటనూనె! కిర్రుమంటోందని ఎవరో వంటింటి సీసా వంచేశారు. వంటనూనె గాలి తగిలి ఏళ్లమీద బంకవుతుంది. దానికి మా ఊరి దుమ్ము, బట్టల నూగు తోడైతే ఇక చెప్పేదేముంది.

ముందు దారం, సూది, బెల్టు తీసేయండి. సూది కింది పలకకు రెండు స్క్రూలుంటాయి. అవి విప్పితే బట్టను నెట్టే పళ్ల మధ్య నూగు గట్టిగా అట్టకట్టి కనిపిస్తుంది. నాకైతే చిన్న దుప్పటి ముక్కంత వచ్చింది. పాత టూత్ బ్రష్షుతో గీకండి, నోటితో మాత్రం ఊదొద్దు, ఇంకా లోపలికి పోతుంది. బాబిన్ కేసు (కింది దారం కండె ఉండే డబ్బీ), దాన్ని పట్టుకునే షటిల్ కూడా బయటికి తీసి తుడవండి. తీసేముందు ఫోన్లో ఒక ఫొటో కొట్టుకుంటే బిగించేటప్పుడు తిప్పలుండవు.

చక్రం కదలకపోతే బలం పెట్టొద్దు. పైనున్న నూనె రంధ్రాల్లో, కదిలే ప్రతి కీలు దగ్గరా రెండు మూడు చుక్కలు కిరోసిన్ వేసి రాత్రంతా వదిలేయండి. పొయ్యి, దీపం దగ్గర ఈ పని వద్దు. పొద్దున చక్రాన్ని మీ వైపుకు కొంచెం కొంచెం ఆడించండి. మాది మూడో రోజుకు కదిలింది. మిషను మీది బంగారు రంగు పూలను థిన్నరుతో, స్పిరిటుతో రుద్దారో, పూలు గుడ్డకే వచ్చేస్తాయి.

కిరోసిన్ బంకను కరిగిస్తుందంతే, నూనె చేసే పని అది చేయదు. కాబట్టి అంతా తుడిచి, నీళ్లలాంటి పలుచని మిషన్ ఆయిల్ రంధ్రానికి ఒక్క చుక్క వేయండి. మిషను తల వెనక్కి వాల్చి అడుగు కీళ్లకూ, ఎడమ పక్క రేకు విప్పి సూది కడ్డీకీ పెట్టండి. షటిల్ తిరిగే గాడికి తప్పనిసరి. రోజంతా కుట్టేవాళ్లు అక్కడ రోజూ ఒక చుక్క వేయాలి. తొక్కుడు పలక కీళ్లను చాలామంది మరిచిపోతారు. దారం బిగువు బిళ్లలకు, బెల్టుకు నూనె తగలకూడదు.

దారం లేకుండా ఐదు నిమిషాలు తొక్కండి. నల్లనూనె కారితే తుడిచి మళ్ళీ ఒక చుక్క వేయండి. తోలు బెల్టు సాగిపోయి జారుతుంటే అర అంగుళం కోసి, పిన్ను మళ్ళీ గుచ్చితే చాలు. కొత్త సూది పెట్టి మొదట పాత గుడ్డమీద కుట్టండి. ఆ రాత్రికి గుడ్డను నొక్కిపట్టే మిషను పాదం కింద ఒక పీలిక మడిచి ఉంచండి. మా పీలికకు పొద్దునకు రూపాయంత మరక పట్టింది. అది చూడకుండా ఉంటే ఆ మరక కొత్త రవికె గుడ్డ మీద పడేది.