మిద్దె మీద వీహెచ్ఎఫ్ యాంటెన్నా: గాలివానలకు ముందు చూసుకోవాల్సినవి

హ్యామ్ రేడియోలో, అంటే లైసెన్సు తీసుకుని అభిరుచిగా నడిపే రేడియోలో, రెండు మీటర్ల బ్యాండుకు (144 నుంచి 146 మెగాహెర్ట్జ్) యాంటెన్నా చేయడం పెద్ద విద్యేం కాదు. కేబుల్ తగిలించే ఎస్ఓ-239 సాకెట్ ఒకటి, దాని నడిమి పిన్నుకు నిలువుగా సుమారు 49 సెంటీమీటర్ల రాగి కడ్డీ, నాలుగు మూలల్లోని రంధ్రాలకు కిందికి 45 డిగ్రీలు వంచిన నాలుగు కడ్డీలు. గ్రౌండ్ ప్లేన్ యాంటెన్నా అంటే ఇంతే. అసలు ప్రమాదం దాన్ని మిద్దె మీద నిలబెట్టేటప్పుడు, దాని కేబుల్ ఇంట్లోకి తెచ్చుకున్నాక మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగి, సాయంత్రానికి ఉరుములతో గాలివాన దిగే సీమ మనది. మృగశిర వచ్చిందంటే అనంతపురం వైపు గాలి ఆగదు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. అందుకే పైపు నిలబెట్టే పని రోహిణి కార్తెకు ముందే, పొద్దున పూట ముగించుకోవాలి. మధ్యాహ్నమైతే అల్యూమినియం పైపు చేత్తో పట్టుకోలేరు, సాయంత్రమైతే ఆకాశాన్ని నమ్మలేం.

ముందుగా ఎత్తు సంగతి. కొత్త హ్యాములకు ఎత్తు మీద ఆశ ఎక్కువ. లెక్క చూస్తే అది చాలావరకు వృథా ఆశ. రేడియో దిగంతం, అంటే సిగ్నల్ నేరుగా చేరే దూరం, కిలోమీటర్లలో కావాలంటే, యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.1తో గుణించాలి. 9 మీటర్లకు 12 కిలోమీటర్ల పైచిలుకు, 12 మీటర్లకు 14. అంటే మిద్దె మీద ఇంకో 3 మీటర్ల పైపు ఎక్కిస్తే దక్కేది రెండు కిలోమీటర్లు కూడా కాదు. ఆ రెండు కిలోమీటర్ల కోసం ఊగే పైపు, తాళ్లు, పిడుగు భయం! కర్నూలు లాంటి మైదానంలో మెట్ల గది కప్పు మీద మూడు మీటర్ల పైపు చాలు. కడపలో కొండ అడ్డమైతే ఇంకో పైపు జోడించినా కొండ జరగదు.

పైపు నిలబెట్టే చోటు ఎంచుకునేటప్పుడు ముందు కరెంటు తీగలు చూడండి. పాత వీధుల్లో తీగలు పిట్టగోడకు చేయి చాపితే అందేంత దగ్గరగా పోతుంటాయి. పైపు, యాంటెన్నా కలిపి మొత్తం పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరం లోపల ఏ తీగా ఉండకూడదు. పైపు ఎటు పడినా తీగ మీద పడకూడదన్నదే లెక్క. వెదురు కర్రయితే ఫరవాలేదనుకోవద్దు, తడిస్తే అదీ కరెంటు లాగుతుంది. తీగలు దగ్గరగా ఉంటే చోటు మార్చుకోవాలి, లేదా ఎత్తు తగ్గించుకోవాలి. ‘తెలిసిన లైన్‌మన్ ఉన్నాడు, కాసేపు ఎల్‌సీ (లైన్ క్లియర్, కరెంటు ఆపించే అనుమతి) తీసుకుంటాడు’ అనేది ఉపాయం కాదు. పైపు ఎక్కించేంతసేపు కరెంటు ఆపించినా, ఆషాఢ గాలికి అది పడే రోజున తీగలో కరెంటు ఉంటుంది.

ఒంటరిగా ఎక్కొద్దు, కనీసం ఇద్దరుండాలి. పిట్టగోడకు క్లాంపు కొట్టడం చాలామంది చేసే పనే కానీ, ఒంటి ఇటుక పిట్టగోడ ఊగే పైపును ఏళ్ల తరబడి మోయదు. మెట్ల గది గోడకు రెండుచోట్ల క్లాంపులు వేయడం మేలు. పైపును లాగి కట్టే నైలాన్ తాడు మన ఎండకు పెళుసు బారుతుంది, వేసవికొకసారి మార్చాల్సిందే. కోతులు తిరిగే వీధిలో ఉంటే పైపు బలాన్ని అవి కూడా పరీక్షిస్తాయని గుర్తుంచుకోండి.

కిందికి వంచిన కడ్డీల కొనలు మనిషి కంటి ఎత్తులో ఉండకూడదు. మిద్దె మీద వడియాలు పెట్టేది, మిరపకాయలు ఆరబోసేది మీరు కాకపోవచ్చు. వంగి లేచే అమ్మకు ఆ సన్న కడ్డీ కనబడదు. కొనను చిన్న ఉంగరంలా మడవండి, లేదా ప్లాస్టిక్ టోపీ తొడగండి.

ఇక ట్యూనింగ్. ఇక్కడ ప్రాణాపాయం లేదు కానీ తొందరపడితే కడ్డీ పాడవుతుంది. నిలువు కడ్డీని 52 సెంటీమీటర్లు ఉంచి మొదలుపెట్టి, కొద్దికొద్దిగా కోసుకుంటూ రావాలి. ఒక సెంటీమీటరు కోస్తే రెసొనెన్స్ (యాంటెన్నా సరిగ్గా పలికే ఫ్రీక్వెన్సీ) దాదాపు 3 మెగాహెర్ట్జ్ పైకి పోతుంది. మన బ్యాండ్ 144 నుంచి 146 దాకా, రెండంటే రెండే మెగాహెర్ట్జ్. అంటే ఒక్క కోతకు బ్యాండ్ మొత్తం దాటిపోవచ్చు. దగ్గరికొచ్చాక కత్తెర పక్కనపెట్టి ఆకురాయితో రెండేసి మిల్లీమీటర్లు అరగదీయండి. గదిలో కొలిస్తే స్లాబులోని ఇనుము, బీరువా అన్నీ కలిసి తప్పు లెక్క చూపిస్తాయి. చుట్టూ రెండు మీటర్ల దాకా రేకులు, దండెం తీగ లేని చోట కొలవాలి. ఎస్‌డబ్ల్యుఆర్ (పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చూపే లెక్క, 1కి దగ్గరైతే మేలు) 1.5 వస్తే చాలు, 1.1 కోసం రోజంతా ఎండలో నిలబడితే వచ్చేది వడదెబ్బే.

నానోవీఎన్ఏ అనే, యాంటెన్నా కొలిచే చిన్న పరికరం వాడేవాళ్లు ఒకటి మరవొద్దు. పొడి దుమ్ముగాలికి యాంటెన్నా మీద స్టాటిక్ పోగవుతుంది. కేబుల్ తగిలించే ముందు నడిమి పిన్నును పైకవచానికి ఒకసారి తాకించి తీయండి, లేదంటే ఆ చిన్న పరికరం అక్కడికక్కడే పోతుంది. అది తగిలించి ఉండగా రేడియో సెట్టు పీటీటీ (మాట్లాడేందుకు నొక్కే మీట) నొక్కడం అంతకన్నా ఘోరం. సెట్టుతో పరీక్షించేటప్పుడు తక్కువ పవర్‌లో, ముందు చానల్ ఖాళీగా ఉందో లేదో విని, కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు) చెప్పి, క్లుప్తంగా ముగించండి. 145.800 మెగాహెర్ట్జ్ పైన శాటిలైట్ల వాటా, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కిందికి పంపే సిగ్నల్ (డౌన్‌లింక్) అక్కడే. అటువైపు పోవద్దు. లైసెన్సు చేతికి రాకపోతే వినడమే, పీటీటీ జోలికి పోకండి.

పిడుగు విషయానికొస్తే, ఇంట్లో చేసిన ఏ యాంటెన్నా నేరుగా పడే పిడుగును తట్టుకోదు. జే అక్షరం ఆకారంలో ఉండే జే-పోల్ యాంటెన్నా లోహమంతా ఒకటే ముక్క కాబట్టి సురక్షితం అంటుంటారు. దానివల్ల స్టాటిక్ దిగిపోతుంది, అంతవరకే. పైపును మందపాటి తీగతో నేరుగా భూమికి దించి, ఆ ఎర్త్‌ను ఇంటి మెయిన్ ఎర్త్‌తో కలపాలి. ఆదోని, ఆలూరు వైపు నల్లరేగడి ఎండాకాలంలో బీటలు వారి ఎర్త్ రాడ్డును వదిలేస్తుంది. అనంతపురం ఎర్రనేల గుళకరాళ్లతో ఎండిపోయి ఉంటుంది. గుంత తీసి బొగ్గు, ఉప్పు వేసి, వేసవంతా నీళ్లు పోస్తుండాలి.

ఉరుము వినబడితే మిద్దె దిగేయండి. మెరుపుకు, ఉరుముకు మధ్య 30 సెకన్లుంటే పిడుగు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు, ఆ దూరం కూడా ప్రమాదమే. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. ఫోన్లో పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ ఉంచుకుంటే కొంత ముందే తెలుస్తుంది. కానీ ఉరుము వినబడ్డాక కేబుల్ ఊడదీద్దామని సెట్టు దగ్గరికి పరుగెత్తడం అన్నిటికన్నా ప్రమాదం. మబ్బు పట్టకముందే ఊడదీయాలి. ఊడదీసిన కొనను టేబుల్ మీదే పెడితే తీసినా తీయనట్టే. కిటికీ అవతలికి వేయండి. కాల్ లేనప్పుడు కేబుల్ ఊడి ఉండటమే మామూలు స్థితి అనుకుంటే ఈ టెన్షనే ఉండదు.

కేబుల్ కిటికీలోకి వచ్చే ముందు కిందికి ఒక వంపు వదలండి, వాననీళ్లు అక్కడే కారిపోతాయి. పైన కనెక్టరుకు మామూలు ఇన్సులేషన్ టేపు ఒక్కటే చుడితే మే ఎండకు జిగురు కారిపోయి వానాకాలానికి విప్పుకుంటుంది. లోపల తనకు తానే అతుక్కుపోయే సెల్ఫ్-అమాల్గమేటింగ్ టేపు, దానిపైన మామూలు టేపు వేయాలి.

మొదటి పెద్దవాన వెలిశాక ఎస్‌డబ్ల్యుఆర్ మళ్లీ చూడండి. పెరిగితే కనెక్టరులోకి నీళ్లు పోయినట్టే. విచిత్రంగా తగ్గినా సంతోషించకండి. తడిసిన కేబుల్ పవర్‌ను తానే తినేసి మీటరులో మంచి లెక్క చూపిస్తుంది. సన్నటి ఆర్‌జీ-58 రకం కేబుల్ పొడిగా ఉన్నా 15 మీటర్లకు సగం పవర్ పోతుంది. నీళ్లు దిగితే ఆరబెట్టి వాడే పని కాదు, కేబుల్ లోపలి తీగల అల్లిక నల్లబడిన మేరా కోసేసి కొత్త కనెక్టరు వేయాలి.