అడవిలో సూపర్వైజర్ పని: కొత్తగా సెక్షన్ చేతికొచ్చినవాళ్లకు

తెలంగాణలో కాగితం మీద నేషనల్ పార్కులు మూడే. కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి, మూడూ హైదరాబాద్ పక్కనే ఉన్నాయి. మన ఉత్తర జిల్లాల్లో ఉన్నవి కవ్వాల్ టైగర్ రిజర్వు, ఏటూరునాగారం, పాఖాల, ప్రాణహిత అభయారణ్యాలు. బోర్డు మీద పేరు ఏదైనా ఫీల్డ్ సూపర్వైజర్ పని మాత్రం ఒకటే. కింద బీట్ ఆఫీసర్లు (బీట్ అంటే ఒక ఆఫీసర్ కాసే అడవి ముక్క, కొన్ని బీట్లు కలిస్తే సెక్షన్), బేస్ క్యాంపు వాచర్లు, ట్రాకర్లు ఉంటారు, పైన రేంజర్ ఉంటాడు, మధ్యలో మీరు. మన దగ్గర ఆ కుర్చీని సెక్షన్ ఆఫీసర్ అంటారు. బీట్ నుంచి ప్రమోషన్ మీద వచ్చినవాళ్లకు ఇందులో సగం తెలిసే ఉంటుంది, పరీక్ష రాసి నేరుగా వచ్చినవాళ్ల కోసమే ఇది రాస్తున్నా. సెలెక్షన్లో నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్లయితే 16 కిలోమీటర్లు నడిచే వచ్చి ఉంటారు కాబట్టి మీ కాళ్ల గురించి నాకు బెంగ లేదు.

చేరగానే అడవిలోకి పోవాలని తొందరపడకండి. ముందు వాచర్ల జీతాల ఫైలు తెప్పించుకుని చూడండి. వాళ్లు చుట్టుపక్కల గూడేలవాళ్లే, కవ్వాల్ వైపు గోండు, కొలాం, నాయకపోడు, ఏటూరునాగారం వైపు ఎక్కువగా కోయ. నెలల తరబడి జీతం రానివాణ్ని తెల్లారకముందే లేపి బీటంతా తిరిగి రమ్మంటే తిరుగుతాడు, కానీ ఏదీ పట్టించుకోడు. బిల్లు రేంజిలో ఆగిందా, డివిజన్లో ఆగిందా, ట్రెజరీలో ఆగిందా కనుక్కుని ఉన్నదున్నట్టు చెప్పండి, "వస్తదిలే" అనే మాట మాత్రం అనొద్దు, ఆ మాట వాళ్లు చాలామంది దగ్గర విన్నారు. క్యాంపులో బియ్యం, నూనె, దోమతెర, టార్చి, గమ్ బూట్లు ఉన్నాయో లేదో మీరే స్వయంగా చూడండి. కట్లపాము, రక్తపింజర తిరిగే చోట టార్చిలో బ్యాటరీ లేకపోవడం చిన్న విషయం కాదు. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, పసరు పోయడం వద్దని, ఆ కాలు కదపకుండా నేరుగా ఆస్పత్రికి తేవాలని ప్రతి క్యాంపులో చెప్పిపెట్టండి. దగ్గరి పీహెచ్‌సీలో విరుగుడు మందు ఉందా, లేకపోతే ములుగు పోవాలా, వరంగల్ ఎంజీఎం పోవాలా, ఆదిలాబాద్ రిమ్స్ పోవాలా అన్నది కరిచాక ఆలోచించేది కాదు.

పెట్రోలింగ్ ఇప్పుడు ఫోన్లో ఎం-స్ట్రైప్స్ యాప్ మీద నడుస్తుంది, ఎక్కడ నడిచారో గీత పడుతుంది. ఆ గీతలు చూసి మురిసిపోకండి. నెల రోజుల గీతలు ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే కొన్ని బీట్లలో అన్నీ ఒకే దారిన, అదీ బండి దారిన పోతుంటాయి. అంటే మిగతా అడవిని ఎవరూ చూడలేదన్నమాట. కేకలు వేయడం వల్ల లాభం లేదు. మర్నాడు మీరే ఆ క్యాంపుకు పోయి, గీత పడని వాగు వెంట వాళ్లతో కలిసి నడవండి. ఎందుకు అటు పోవట్లేదో దారిలో వాళ్లే చెప్తారు. ఎలుగుబంటి భయం కావచ్చు, కల్వర్టు తెగి ఉండొచ్చు, లేదా అటువైపు ఉచ్చులు పెట్టేవాడు వాళ్ల మేనమామే కావచ్చు.

పులి జాడ దొరికిందని కబురొస్తే వాట్సాప్ గ్రూపులో వేసే ముందు ఒకసారి ఆగండి. కుక్క జాడకు గోళ్ల గుర్తులు పడతాయి, పులి, చిరుత గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తాయి కాబట్టి మామూలుగా పడవు. మెత్తటి పాదం వెనక అంచున మూడు బుడిపెలు కనిపిస్తాయి. చిరుతదైతే అరచేతిలో ఇమిడిపోతుంది, పెద్దపులిది అరచేయంత ఉంటుంది. పక్కన స్కేలు పెట్టి, వంగి, నిట్టనిలువుగా పైనుంచి ఫోటో తీయాలి, పక్కనుంచి తీస్తే సైజు తప్పుగా వస్తుంది. అంచులు పదునుగా ఉంటే తాజాది. దాని మీద చీమలు దారి చేసుకున్నా, దుప్పి అడుగు పడినా పాతది. మెత్తటి బురదలో ఏ జాడైనా ఉన్నదానికంటే పెద్దగా పడుతుందని మర్చిపోవద్దు. చప్పుడు సంగతి కూడా అంతే. చుక్కల దుప్పి ఊరికే కూడా బెదిరి అరుస్తుంది గానీ, కణుజు (సాంబార్ దుప్పి) ఆగి ఆగి అరుస్తుంటే మాత్రం అక్కడ ఏదో ఉన్నట్టే.

ఇక పశువు మీద పులి పడిన రోజు. ఈ ఉద్యోగంలో అసలు టెన్షన్ అంతా అదే. మహారాష్ట్ర తడోబా, తిప్పేశ్వర్ నుంచి పులులు నదులు దాటి ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ వైపు వస్తుంటాయి, 2012లో టైగర్ రిజర్వు చేసిన కవ్వాల్‌కు కూడా అవే ఆధారం. ఆవు పోయిన రైతుకు మీ పులుల లెక్కలతో పని లేదు. కబురు అందిన పూటే మీరు అక్కడ ఉండాలి. రేపు పొద్దున పోదాంలే అనుకుంటే ఆ రాత్రే కళేబరం మీద పురుగుల మందు పడొచ్చు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో విషం కలిపిన పశువు మాంసం తిని పులి చనిపోయింది. పోగానే మెడ మీద కోరల గాట్లు, ఈడ్చిన గుర్తులు ఫోటోలు తీసుకుని, పశువైద్యుణ్ని పిలిపించి, పంచనామా అక్కడే రాయించండి. పరిహారం దరఖాస్తుకు ఏ కాగితాలు కావాలో రైతు చేతికి రాసివ్వండి, ఆఫీసుకు రమ్మని తిప్పుకోవద్దు. కళేబరాన్ని పులి మళ్లీ వచ్చి తింటుంది, కాబట్టి కదపకుండా కెమెరా ట్రాప్ (జంతువు కదిలితే దానంతటదే ఫోటో తీసే కెమెరా) పెట్టి, మనుషుల్ని దూరంగా కాపలా ఉంచండి. సెల్ఫీల కోసం వచ్చే కుర్రాళ్లను ఆపడమే పులిని కాయడం కంటే కష్టం. పత్తి ఏరే కాలమైతే అదే రోజు ఊళ్లో డప్పు చాటింపు వేయించండి. 2024 నవంబరు చివర్లో కాగజ్‌నగర్ దగ్గర పత్తి చేనులో ఒక మహిళను పులి చంపింది. చేలోకి ఒంటరిగా పోవద్దని, పొద్దెక్కాక గుంపుగా పోయి పొద్దుగూకకముందే తిరిగి రావాలని చెప్పడం మీ పనే, సర్పంచ్ చెప్తాడులే అని ఊరుకోవద్దు.

మీ మనుషులకు పులి కంటే కరెంటు తీగ ప్రమాదం. అడవిపందుల కోసం చేను గట్టున చిన్న కట్టెపుల్లలు పాతి, మోకాలి ఎత్తులో జీఐ వైరు కట్టి, పైన పోయే లైనుకు కొక్కెం తగిలిస్తారు. పంది, దుప్పి, పులి, మనిషి, దానికి తేడా లేదు. సబ్‌స్టేషన్ ఆపరేటర్‌తో, లైన్‌మన్‌తో స్నేహం చేసుకోండి. గాలీ వానా లేని రాత్రి ఏ ఫీడరైనా ఊరికే ట్రిప్పయితే మీకు ఫోన్ రావాలి. తీగ కనిపిస్తే కర్రతో కూడా ముట్టుకోవద్దు, లైను ఆపించి, ఆపినట్టు ఖాయం చేసుకున్నాకే దగ్గరికి పోవాలి. రాత్రి గస్తీలో చేనుకీ అడవికీ మధ్య గట్టు వెంట అసలు నడవొద్దు. ఉచ్చులు బండి క్లచ్ వైర్లతో చేస్తారు, నీటి దగ్గరికి పోయే సన్న బాటల్లో, పొదల సందుల్లో వంగి వెతకండి, నిలబడి చూస్తే కనిపించవు.

ఫిబ్రవరి వచ్చేసరికి ఫైర్ లైన్లు (మంట దాటకుండా ఖాళీగా ఉంచే పట్టీలు) ఊడ్చి సిద్ధంగా ఉండాలి. టేకాకు రాలితే అడవంతా పరిచినట్టే ఉంటుంది, ఒక్క బీడీ చాలు. చాలా మంటలు ఇప్పచెట్టు కింద మొదలవుతాయి, పువ్వు ఏరడానికి నేల కనిపించాలని ఆకులు కాలుస్తారు. తునికాకు చిగురు బాగా రావాలని కూడా నిప్పు పెడతారు. కేసు పెడతామని బెదిరించే ముందు మార్చిలోపే గూడేనికి పోయి మాట్లాడండి, చెట్టు కింద ఊడ్చుకోమనండి, పాత చీరో వలో పరుచుకోమనండి. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి శాటిలైట్ అలర్ట్ ఫోన్‌కు వస్తుంది, అయితే అది వచ్చేసరికి మంట కొంత దూరం పోయి ఉంటుంది, కాబట్టి మెసేజ్ కంటే ఎత్తు మీద కూర్చున్న వాచర్ కన్నే నమ్మకం. ఆర్పేటప్పుడు గాలి మంటను తోసుకుపోయే వైపు, గుట్ట పైవైపు నిలబడొద్దు, పక్కల నుంచి బ్లోయర్‌తో, పచ్చికొమ్మలతో నొక్కుకుంటూ రావాలి. ఆరిందనుకున్నాక కూడా ఒకరు కాపలా ఉండాలి, ఎండు మొద్దు రాత్రంతా లోపలే రగులుతుంది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య గాలివానకు వేల చెట్లు కూలాయి కదా, అలాంటి చోట కట్టె ఎండే వేసవిలో కాపలా రెట్టింపు చేయాలి.

ఎండాకాలం సాసర్ పిట్లలో (జంతువులు తాగడానికి కట్టిన లోతు తక్కువ తొట్లలో) ట్యాంకర్‌తో నీళ్లు పోయించడం మామూలే. అంచు వాలుగా ఉందో లేదో, పిల్ల జంతువు పడితే ఎక్కిరాగలదో చూసుకోండి. చుట్టూ చచ్చిన పిట్టలు కనిపిస్తే ఎవరో మందు కలిపారని అనుమానించి వెంటనే నీళ్లు తోడేయించి, శాంపిల్ తీసి పెట్టండి.

పోడు గొడవ దగ్గరికి ఒక్కరే ఎప్పుడూ పోవద్దు, అక్కడికక్కడే తేల్చేస్తానని మాట ఇవ్వొద్దు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఒక రేంజ్ ఆఫీసర్ ఇలాంటి గొడవలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. రెవెన్యూవాళ్లను, మ్యాపును, ఊరి పెద్దను వెంటబెట్టుకుని పగటిపూట పోండి, పట్టా ఎవరికి వచ్చిందో ముందే జాబితా చూసుకుని పోండి.

తాడ్వాయి వైపు పోస్టింగ్ పడితే రెండేళ్లకోసారి మేడారం జాతర మీ సెక్షన్‌లోనే జరుగుతుంది. ఆ నెలంతా సెలవు గురించి అడగొద్దు. జనం లోపలికి పోయి వంటలు చేసుకునే చోట్లు ముందే గుర్తించి నీళ్ల డ్రమ్ములు పెట్టించండి, జాతర అయ్యాక ప్లాస్టిక్ ఏరించే కూలీల బిల్లు మాత్రం జాతరకు ముందే మంజూరు చేయించుకోండి, తర్వాత అడిగితే ఎవరూ ఫోన్ ఎత్తరు.