గూఢచారి సినిమాను రెండోసారి చూసేటప్పుడు చిన్న పాత్రలను గమనించడం ఎలా

ఏ గూఢచారి సినిమానైనా రెండోసారి చూసేటప్పుడు ముందుగా చేయవలసిన పని, కథానాయకుడి మీది నుంచి చూపు మళ్లించడం. కథ ఎటు పోతుందో అప్పటికే తెలుసు గనుక, అతని పక్కన నిలబడినవారు, తలుపు తీసినవారు, పళ్లెం తెచ్చినవారు ఏం చేస్తున్నారో చూసే తీరిక ఇప్పుడే దొరుకుతుంది.

1963లో వచ్చిన ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’లో రైలు భోజనశాల దృశ్యాన్ని తీసుకోండి. బ్రిటిష్ గూఢచారిగా నటిస్తూ జేమ్స్ బాండ్‌తో భోజనానికి కూర్చున్న గ్రాంట్, చేపతో పాటు కియాంటి అనే వైన్ తెమ్మంటాడు. తెల్లదేనా అని వెయిటర్ అడిగితే, కాదు, ఎర్రదే కావాలంటాడు. చేపతో తెల్ల వైన్ తాగడం అక్కడి పెద్దింటి మర్యాద గనుక, ఈ మనిషి నిజమైన బ్రిటిష్ గూఢచారి కాడని ముందుగా బయటపెట్టేది పేరు కూడా లేని ఆ వెయిటర్ ప్రశ్నే. ఆ సంగతి బాండ్‌కు తట్టేసరికి గ్రాంట్ తుపాకీ అతని మీదికి తిరిగి ఉంటుంది. సాగర్ చేపల పులుసుతో అన్నం తినే మన నల్లగొండ ఇళ్లలో ఆ మాట పట్టించుకోకపోవడం సహజమే. అందుకే తెలియని ఆచారం కనిపించినచోట ఆపి, వడ్డించేవాడు ఎందుకు మళ్లీ అడిగాడో ఆలోచించాలి.

నలుగురు కలిసి చూస్తే పాత్రలను పంచుకోవడం మేలు. మా చిన్నమ్మ అందరి చేతులను మాత్రమే చూస్తుంది. గ్లాసు ఎవరు ముట్టారో, ఎవరు తాగకుండానే కింద పెట్టారో ఆమెకు తప్ప మాకెవరికీ కనబడదు.

తెలుగు డబ్బింగ్‌లో ఒకే గొంతు రెండు మూడు చిన్న పాత్రలకు వినిపించవచ్చు కాబట్టి, అసలు భాషలోనూ ఒకసారి వినాలి. ముఖం గుర్తుపట్టగానే పాత్రలను కలిపేయకూడదు: ఇదే బాండ్ సినిమాలో శత్రుముఠా మనిషి మోర్జెనీగా కనిపించిన నటుడు వాల్టర్ గోటెల్, 1977 నుంచి వచ్చిన బాండ్ సినిమాలలో సోవియట్ జనరల్ గోగోల్.

కనబడిన ప్రతి తేడా ఆధారం కాదు. ఒక షాట్‌లో సగమున్న గ్లాసు తర్వాతి షాట్‌లో నిండుగా ఉంటే అది చిత్రీకరణలో దొర్లిన పొరపాటే కావచ్చు. కెమెరా ఆ వస్తువు మీద విడిగా నిలిచిందా, ఎవరైనా దాని గురించి మాట్లాడారా అని చూసి, ఆ రెండింటిలో ఒక్కటైనా ఉంటేనే నిమిషంతో సహా నోటుబుక్కులో రాసుకోవాలి.