పార్మ్ వంద అక్షరాలు దాటాలంటే: పాత జాబ్‌లు చెడకుండా మార్చే పద్ధతి

ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్‌ఓఎస్‌లో జాబ్‌లను నడిపే భాష జేసీఎల్. అందులో ప్రోగ్రామ్‌కు విలువలు పంపే పార్మ్‌కు పరిమితి 100 అక్షరాలు. 2013లో వచ్చిన 2.1 వెర్షన్ కూడా దాన్ని ముట్టుకోలేదు. దానికి బదులు, విలువను డీడీ (డేటా ఎక్కడుందో చెప్పే జేసీఎల్ లైను) నుంచి తీసుకునే పార్మ్‌డీడీ అనే కొత్త కీవర్డ్‌తో 32,760 బైట్ల దాకా దారి తెరిచింది. వంద బైట్ల జాగా మాత్రమే పెట్టుకుని, వచ్చిన పొడవంతా గుడ్డిగా కాపీ చేసుకునే పాత ప్రోగ్రామ్‌లు ఇంకా నడుస్తున్నాయి మరి.

ప్రోగ్రామ్‌కు అందే రూపం మాత్రం రెండిట్లోనూ ఒకటే: ముందు రెండు బైట్ల పొడవు, దాని వెనకే టెక్స్ట్. కాబట్టి ముందు ప్రోగ్రామ్ మార్చండి, జేసీఎల్ తర్వాత.

కోబాల్‌లో బయటి నుంచి వచ్చే డేటాను వివరించే లింకేజ్ సెక్షన్‌లో పొడవు ఫీల్డ్ ఎస్9(4) కాంప్ (నాలుగంకెల బైనరీ సంఖ్య) అని ఉంటే, ట్రంక్(ఎస్‌టీడీ) అనే కంపైలర్ ఆప్షన్‌తో కంపైలైనప్పుడు 9,999 దాటిన విలువను నమ్మలేం. దాన్ని కాంప్-5 (అంకెల లెక్కకు కుదించని బైనరీ) చేయండి. టెక్స్ట్‌ను ఎక్స్(100)గా, అంటే వంద అక్షరాల ఫీల్డ్‌గా, మొత్తం మూవ్ చేస్తే పొడవు తర్వాత ఉన్న చెత్త కూడా వస్తుంది. వచ్చిన పొడవు మేరకే తీసుకోండి. సున్నా పొడవును విడిగా చూడాలి. మీ గరిష్ఠం దాటితే మెసేజ్ రాసి ఆపండి. మౌనంగా కత్తిరించడం అన్నిటికన్నా చెడ్డది.

పాత విలువలు ఉన్న స్థానాల్లోనే ఉండాలి. కొత్తవి వాటి వెనక కీవర్డ్=విలువ రూపంలో చేర్చండి. కీవర్డ్ రాకపోతే ప్రోగ్రామ్ నిన్నటిలాగే నడవాలి.

ఇక జేసీఎల్. ఒకే ఎగ్జెక్ (ప్రోగ్రామ్‌ను నడిపే లైను) మీద పార్మ్, పార్మ్‌డీడీ రెండూ రాయకూడదు. డీడీ ఇన్‌స్ట్రీమ్ (జేసీఎల్‌లోనే రాసిన డేటా) కావచ్చు, పీడీఎస్ మెంబర్ (లైబ్రరీలోని ఒక ఫైల్) కావచ్చు. ప్రతి రికార్డు చివరి ఖాళీలను సిస్టమ్ తీసేసి రికార్డులను కలిపేస్తుంది. రెండు మాటల మధ్య ఖాళీ కావాలంటే దాన్ని తర్వాతి లైను మొదట్లో పెట్టండి. కొటేషన్లు అక్కర్లేదు, రాస్తే అవీ డేటాలోకే వెళ్తాయి. ఇన్‌స్ట్రీమ్‌లో సింబల్స్ (&పేరు రూపంలో రాసేవి) వాటి విలువలుగా మారాలంటే డీడీ మీద సింబల్స్=జేసీఎల్‌ఓన్లీ, విలువ ఇచ్చే సెట్ లైను కంటే ముందు ఎక్స్‌పోర్ట్ సిమ్‌లిస్ట్ ఉండాలి.

పొడవైన పార్మ్ అవసరం తరచూ ఫైల్ పాత్‌ల వల్లే వస్తుంది, అక్కడే స్లాష్ గొడవ. కోబాల్ మెయిన్ ప్రోగ్రామ్‌కు సీబీఎల్‌ఆప్ట్స్(ఆన్) అనే ఆప్షన్ ఉంటే, చివరి స్లాష్ తర్వాతి భాగాన్ని లాంగ్వేజ్ ఎన్విరాన్‌మెంట్ (ప్రోగ్రామ్‌ను నడిపించే ఐబీఎం రన్‌టైమ్) తన ఆప్షన్లుగా లాక్కుంటుంది. టెక్స్ట్ చివర అదనంగా ఒక స్లాష్ పెడితే పాత్ క్షేమం.

ఏపీఎఫ్ ఆథరైజ్డ్ (సిస్టమ్ ప్రత్యేక అధికారాలు ఇచ్చిన) ప్రోగ్రామ్‌కు వంద దాటిన పార్మ్ పంపాలంటే, దాన్ని బైండర్ అనే లింక్ చేసే టూల్‌లో లాంగ్‌పార్మ్ ఆప్షన్‌తో లింక్ చేసి ఉండాలి. కోడ్ చూడకుండా ఆ ఆప్షన్ పెట్టేస్తే రక్షణను చేజేతులా తీసేసినట్టే.

పరీక్షకు పొడవులు: 0, 1, 100, 101, మీ గరిష్ఠం, దానికి ఒకటి ఎక్కువ. కొత్త లోడ్ మాడ్యూల్‌ను (కంపైల్, లింక్ అయి నడవడానికి సిద్ధమైన ప్రోగ్రామ్) మొదట పాత జేసీఎల్‌తోనే నడిపి అవుట్‌పుట్ పోల్చండి. వెనక్కి వెళ్లాల్సి వస్తే క్రమం తిరగబడుతుంది: జేసీఎల్ ముందు, లోడ్ మాడ్యూల్ తర్వాత. లేకపోతే పొడవైన పార్మ్ పాత ప్రోగ్రామ్ చేతికి చిక్కి పక్క స్టోరేజీని తొక్కేస్తుంది.