అడ్మిషన్ల సైటు లింకు వదిలే ముందు

జూన్ దగ్గరకొచ్చింది. నల్గొండ, మిర్యాలగూడ, పాలమూరు కాలేజీలకు సైట్లు చేస్తున్న తమ్ముళ్లూ, లింకు వాట్సాప్‌లో పెట్టే ముందు ఇవి చూసుకోండి.

– దరఖాస్తు ఫారం ఐఫోన్‌లో చివరిదాకా నింపి పంపండి. మన దగ్గర ఐఫోన్‌లో క్రోమ్ వేసుకున్నా లోపల పేజీని తెరిచి చూపేది ఆపిల్ వాళ్ల సఫారీ ఇంజనే. పోయినేడు నా ల్యాప్‌టాప్‌లో ఫారం వెళ్లింది కదా అని వదిలేసిన. ఫోన్లో సబ్‌మిట్ నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. రెండు రోజుల దరఖాస్తులు గల్లంతు.

– పేజీ కోడు మొదట్లోనే డాక్‌టైప్, అంటే <!DOCTYPE html> అనే లైను. అది లేకుంటే బ్రౌజర్ పాతకాలపు పద్ధతిలోకి జారుతుంది. పట్టికల్లో అక్షరాల సైజు లెక్క తప్పుతుంది.

– యూటీఎఫ్-8 ప్రకటన, అంటే అక్షరాలను ఎట్ల చదవాలో బ్రౌజర్‌కు చెప్పే లైను, కోడులో మొదటి 1024 బైట్లలోపే. లేకపోతే 'నల్గొండ' పిచ్చిగీతలయ్యే ప్రమాదం.

– ఫీజుల పట్టిక ఫొటోగా వద్దు. చూపు లేని పిల్లలకు ఫోన్ దాన్ని సరిగ్గా చదివి వినిపించలేదు.

– ఫైర్‌ఫాక్స్‌లో ఒక్కసారి తెరవండి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ గురించి దిగులొద్దు, 2022లోనే మూలకు పడ్డది.